ఇటుకల వరస ఆడిన బేస్‌బాల్

బేస్‌బాల్ అనే ఆట ఒకటుందని నాకు ఖోర్ ఫక్కాన్‌లో, వంటింట్లో, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుండగా తెలిసింది. చెప్పినాయన అమెరికా నల్లజాతి మనిషి, డెబ్బై దాటిన వయసు. చెబుతూ చెబుతూ ఆవేశం పట్టలేక కుర్చీలోంచి లేచి, బంతి విసిరేవాడిలా చెయ్యి వెనక్కి ఎత్తారు. మోచెయ్యి తగిలి గట్టు మీదున్న నా నిమ్మకాయ ఊరగాయ సీసా కిందపడి బద్దలైంది. ఆయన సీసా వంక చూడనైనా చూడలేదు. "చూశారా మిస్, భుజం ఇంకా తిరుగుతోంది!" అన్నారు పొంగిపోతూ. నాకు ఒళ్ళు మండింది, దాంతోపాటే నవ్వూ వచ్చింది.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. ఖోర్ ఫక్కాన్‌లో కొత్తగా పెద్ద రేవు కట్టి క్రేన్లు నిలబెట్టారు. వాటిని నడపడం నేర్పడానికి అమెరికా నుంచి ఇంజనీర్లని తెచ్చారు. వాళ్ళలో ఒకరింట్లో నేను వంటమనిషిని. మా ఆయన షార్జాలో, రోలా వీధుల్లో ఒక దర్జీ కొట్టులో పనిచేసేవాడు. మా కోనసీమలో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసినప్పుడు నాకు ఇంగ్లీషు అబ్బింది, దుబాయ్ వచ్చాక హిందీ అబ్బింది. నోరు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. ఇంట్లో సారు, మేడమ్ ఉండేవారు. ఆ ఏడాది చలికాలం గడపడానికి సారు వాళ్ళ నాన్నగారు వచ్చారు. ఆయన్ని నేను పెద్దసారు అనేదాన్ని. ఆయన నన్ను 'మిస్' అనేవారు. అప్పటిదాకా ఏ ఇంట్లోనూ నన్ను ఎవరూ అలా పిలవలేదు, ఎక్కువమంది చిటికె వేసేవారు.

మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆఫీసు వాళ్ళ గ్రౌండు. ఖోర్ ఫక్కాన్‌లో ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో ఉన్న కాస్త జాగా అంతా రాళ్ళమయం. ఆ రాళ్ళు ఏరి, సాపు చేసి, అమెరికా వాళ్ళు శుక్రవారాలు బేస్‌బాల్ ఆడుకోవడానికి ఆ గ్రౌండు చేయించుకున్నారు. చుట్టూ ఇనుప గుంజలు పాతి, ఓడల్ని కట్టే లావుపాటి తాడు లాగారు. తాడు లోపల ఆఫీసువాళ్ళు ఆడతారు, వాళ్ళ ఆడవాళ్ళు మడతకుర్చీల్లో కూర్చుంటారు. తాడు బయట రేవు కూలీలు, కట్టడం కూలీలు నిలబడి చూస్తారు. బంతి తాడు దాటితే తెచ్చి ఇవ్వచ్చు. ఇచ్చినవాడు మళ్ళీ బయటికి పోవాలి.

గ్రౌండు పక్కనే ఆఫీసువాళ్ళకి క్లబ్బు కడుతున్నారు. తక్కిన కట్టడాలన్నీ సిమెంటు బ్లాకులతో కడితే, దీనికి మాత్రం తమ దేశంలో ఉన్నట్టుండాలని ఎర్ర ఇటుకలు తెప్పించారు. కట్టేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళు. ఇటుకలు పైకి చేరవేయడం చూసి తీరాలి. కింద ఒకడు వంగి, చేతిని కింద నుంచి ఊపి, ఇటుకని పైకి విసురుతాడు. గోడ వెంట కట్టిన సారువ కర్రల మీద నిలబడ్డవాడు దాన్ని ఉత్తచేతుల్తో అందుకుని, అదే ఊపులో ఇంకా పైవాడికి అందిస్తాడు. వచ్చింది ఎవడి చేతిలోనూ ఆగదు. అన్నిటికన్నా పైన ఒక పొడుగాటి మనిషి ఉండేవాడు. ఇటుక అందుకోవడం, తల తిప్పకుండా పక్కన పేర్చడం, మళ్ళీ ఖాళీ చేతులు చాపడం, ఇదే అతని పని. పొద్దంతా చూసినా ఒక్క ఇటుక జారేది కాదు.

ఊరగాయ సీసా పగిలిన మర్నాడు పెద్దసారు ఆ కిటికీ దగ్గర నిలబడిపోయారు. కాఫీ చల్లారిపోయినా కదల్లేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని లాగి, "మిస్, వాళ్ళెవరు?" అని అడిగారు.

"కూలీలు సార్."

"కాదు. వాళ్ళు ఆటగాళ్ళు!" అన్నారు.

అప్పటినుంచి చిక్కుడుకాయలైనా ఉల్లిపాయలైనా నాకెదురుగా కూర్చుని ఒలుస్తూ ఆయన తన ఆట సంగతులే చెప్పారు. రెండు పెద్ద యుద్ధాలకి మధ్య, ఆయన కుర్రతనంలో, అమెరికా అంతటికీ ఆ ఆటే పిచ్చి. ఎండాకాలం ఆదివారాలు జనం చర్చి నుంచి అటే గ్రౌండుకి నడిచేవారట, మంచి బట్టలతో, టోపీలతో. ఆట మొదలయ్యే వేళకి ప్రసంగం తెమిలేలా పాస్టరుగారు గడియారం చూసుకునేవారట. మంగలిషాపులో రేడియో ఉంటే వీధి వీధంతా దాని ముందే. మిల్లులు మూతబడి జనం రోడ్డున పడ్డ రోజుల్లో, టిక్కెట్టు కొనలేనివాళ్ళు గోడ బయట కూర్చుని లోపలి కేకల్ని బట్టి ఎవరు గెలుస్తున్నారో చెప్పుకునేవారట.

"ఇటలీ వాడి కొడుకు, పోలెండు వాడి కొడుకు, మొన్న ఓడ దిగినవాళ్ళు. వాళ్ళ నాన్నల యాసని అందరూ వెక్కిరించేవారు. కొడుకు బంతిని గోడ దాటించాడా, మర్నాడు పేపర్లో వాడు మన అమెరికా బిడ్డ," అన్నారు పెద్దసారు.

"మరి మీరు సార్?"

"మేం ఓడ దిగి చాలా తరాలైంది. మమ్మల్ని మాత్రం పెద్ద జట్లలోకి రానిచ్చేవారు కాదు. అలాగని ఎక్కడా రాసిన రూలు లేదు. రాయకపోయినా అందరికీ తెలుసు."

అందుకని నల్లవాళ్ళు తమ జట్లు తామే పెట్టుకున్నారు. పాత బస్సొకటి వేసుకుని ఊరూరా తిరిగారు. పొద్దున ఒక ఊళ్ళో ఆట, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఆట. హోటల్లో గది ఇవ్వరు కాబట్టి బస్సులోనే పడక. భోజనం డబ్బిచ్చి కొన్నా వెనక కిటికీలోంచే అందించేవారట. పగలు పనిచేసే జనం కోసం వాళ్ళే దీపాలు లారీల మీద మోసుకెళ్ళి చీకటిపడ్డాక ఆడేవారట. చిన్న ఊళ్ళలో తెల్లవాళ్ళ జట్లతో పోటీ పడి చాలాసార్లు గెలిచారు. ఆ ఊరివాళ్ళే చప్పట్లు కొట్టేవారు. చప్పట్లు కొట్టిన చేతులే తర్వాత వెనక కిటికీ చూపించేవి.

ఆయన ఇదేదో నాకు తెలియని వింతలా చెబుతుంటే నేను ఊరుకోలేకపోయాను. "మా ఊళ్ళో టీకొట్టు దగ్గర మా పేటవాళ్ళ గ్లాసులు వేరే సార్. చూరులో దోపి ఉండేవి. తాగి, మేమే కడిగి, మళ్ళీ అక్కడే దోపాలి," అన్నాను. ఆయన ఒలుస్తున్న ఉల్లిపాయ పక్కన పెట్టేశారు. నా మొహంలోకి చూసి, "ఎవరూ రాసిన రూలు కాదు కదా?" అన్నారు. కాదన్నాను. ఇద్దరం కలిసి నవ్వాం. అలాంటి నవ్వు నేను ఇంకెవరితోనూ నవ్వలేదు.

ఒకే ఒక్క సంగతి ఆయన నవ్వకుండా చెప్పారు. ఒక సంవత్సరం ఆటల కాలం అయిపోయాక, పెద్ద నగరం తెల్లజట్టుతో వాళ్ళ జట్టుకి పోటీ ఖాయమైంది. అది మామూలు జట్టు కాదు, పేపర్లలో ఫోటోలు పడే జట్టు. పెద్దసారు బూట్లకి పాలిష్ పెట్టుకుని, తెల్లారకముందే లేచి కూర్చున్నారట. పొద్దున కబురొచ్చింది, ఆట లేదని. ఎందుకో ఎవరూ చెప్పలేదు. "మేం గెలుస్తామని వాళ్ళకి తెలుసు మిస్," అన్నారు. ఆ ఒక్క ఆట ఆయనలో అలాగే మిగిలిపోయింది.

ఇక్కడ సారు మాత్రం ఆఫీసు జట్టులో ఆడేవారు. ఆ జట్టులో నల్లవారు ఆయనొక్కరే. శుక్రవారం మేడమ్ కుర్చీ పట్టుకుని రమ్మని పిలిచినా పెద్దసారు ఎండ అంటూ వెళ్ళేవారు కాదు. వంటింటి కిటికీలోంచే చూసేవారు. కొడుకు కొడితే చప్పట్లు కొట్టేవారు. తర్వాత ఆయన కళ్ళు తాడు బయట నిలబడ్డవాళ్ళ మీదికి పోయేవి.

ఒక సాయంత్రం రేవు పెద్ద అధికారిని సారు భోజనానికి పిలిచారు. క్యాంపులో అందరూ ఆయన్ని బడా ముదీర్, అంటే పెద్ద మేనేజరు, అనేవారు. గ్రౌండు ఆయనదే, తాడు ఆయనదే, ఆఫీసు జట్టుకి కెప్టెనూ ఆయనే. మనిషి చెడ్డవాడు కాదు, గట్టిగా నవ్వుతాడు, వండినదాన్ని మెచ్చుకుంటాడు. నేను కోడికూర గిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాను. పెద్దసారు ఉన్నట్టుండి, "మీకు సరైన పోటీ లేదు. ఎప్పుడూ మీలో మీరే ఆడుకుంటున్నారు. క్లబ్బు కట్టేవాళ్ళతో ఒక ఆట ఆడండి," అన్నారు.

బడా ముదీర్ నవ్వాడు. "వాళ్ళకి బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో తెలుసా?"

"నేను నేర్పుతాను. ఓడిపోతామని భయమా?"

బల్ల దగ్గర నవ్వులాగిపోయాయి. సారు తల వంచుకుని కంచంలోకి చూస్తున్నారు. బడా ముదీర్ మూతి తుడుచుకుని, "సరే. మీరు ఇంటికి వెళ్ళేలోపే ఆడదాం. కొండ నీడ గ్రౌండు దాటేదాకా ఆట. అప్పటికి వాళ్ళు ఓడిపోకుండా నిలబడితే చాలు, ఆ తాడు నేనే తీయిస్తాను. శుక్రవారాలు గ్రౌండు అందరిదీ," అన్నాడు.

"మాట మీద నిలబడతారా సార్?" అనేశాను నేను, గిన్నె చేతిలో పట్టుకునే. మేడమ్ కళ్ళు పెద్దవి చేసి నన్ను చూశారు. బడా ముదీర్ మళ్ళీ గట్టిగా నవ్వి, నిలబడతానన్నాడు. వంటింట్లోకి వెళ్ళాక గరిటెతో గట్టు మీద దరువేశాను. అంత సంబరం.

మర్నాడు పెద్దసారుని వెంటబెట్టుకుని క్లబ్బు గోడ దగ్గరికి వెళ్ళాను. మేస్త్రి నన్ను చూడగానే పనాపి దగ్గరికొచ్చాడు. నడివయసు మనిషి, నన్ను చెల్లె అని పిలిచేవాడు.

"ఏంది చెల్లె, గా ముసలాయన రోజు కిటికీలకెంచి మా దిక్కే జూస్తుండు? ఇటుకలేమన్న పగిలినయా?"

"లేదన్నా. మీరు ఆటగాళ్ళంట. వాళ్ళ ఆట ఆడతారా అని అడుగుతున్నారు."

"ఆటనా? పొద్దుందాక గీ ఇటుకలతోని ఆడుడు సాలదా?" అన్నాడు మేస్త్రి. పైన సారువ మీద అందరూ నవ్వారు.

నేను తాడు సంగతి చెప్పాను. మేస్త్రి నవ్వు తగ్గిపోయింది. గ్రౌండు వైపు చూస్తూ, "రాళ్ళు ఏరింది మేమే. రోలర్ గుంజింది మేమే. మా క్యాంపు కాడ కాలు వెడితె రాయి, మా పోరగాళ్ళు కబడ్డి ఆడుదామంటె మోకాళ్ళు పగులుతున్నయి," అన్నాడు. తర్వాత పైకి తలెత్తి, "ఏమంటరు రా? ఆడుదామా?" అని కేకేశాడు. అన్నిటికన్నా పైన నిలబడ్డ పొడుగాటి మనిషి మాట్లాడలేదు. ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. ఆడదామనే దానర్థం.

అప్పట్నుంచి పని వదిలాక సముద్రపొడ్డున సాధన. పెద్దసారు మడతకుర్చీలో, నేను పక్కన దుబాసీగా. ఆయన ఇంగ్లీషులో ఒక ముక్క అంటే నేను తెలుగులో రెండు ముక్కలు కలిపి అరిచేదాన్ని. ఆట పెద్ద కష్టమేం కాదు. నాలుగు మూలలు. బంతి కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి, బయలుదేరిన మూలకి తిరిగొస్తే ఒక పరుగు. ఆ మూలని వాళ్ళు ఇల్లు అంటారు. ఈలోగా అవతలివాళ్ళు బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేవాడికి అంటిస్తే వాడు అవుట్, ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోయినట్టే. "అంటించాలి, పట్టుకుంటే చాలదు, అంటించాలి," అని పెద్దసారు పదేపదే చెప్పేవారు.

సారు ఇంట్లో పడున్న పాత గ్లౌజులు తెచ్చిచ్చారు. మనవాళ్ళు వాటిని తొడిగి చూసి పక్కన పారేశారు. "గీ బంతి ఇటుక కన్న మెత్తగనే ఉన్నది చెల్లె," అన్నాడు మేస్త్రి. బంతి విసిరే పని కింద నుంచి ఇటుక విసిరే మనిషికే ఇచ్చారు పెద్దసారు. ఇంటి మూల దగ్గర, బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే పని పొడుగాటి పేర్చే అన్నకి ఇచ్చారు. మేస్త్రి మధ్యలో నిలబడి దూరం నుంచి వచ్చిన బంతిని ఇంటికి పంపాలి. అంటే క్లబ్బు గోడ దగ్గర ఎవరెక్కడ నిలబడతారో, ఇక్కడా ఇంచుమించు అంతే.

కొట్టడం దగ్గర మాత్రం మా ప్రాణం తీశారు. వాళ్ళు చిన్నప్పుడు ఆడింది చిర్రగోనె, అదే మావైపు బిళ్ళంగోడు. అందులో బిళ్ళని కొట్టాక ఎక్కడ పడిందో చూసి, చేతికర్రతో దూరం కొలుచుకోవాలి. మొదటి రోజు ఒకతను బంతిని సముద్రం దాకా కొట్టాడు. పెద్దసారు లేచి, "పరుగు! పరుగు!" అని గొంతు చించుకుంటున్నారు. అతను మహా నింపాదిగా వంగి, బ్యాటుతో ఇసుక మీద కొలుచుకుంటూ బంతి వైపు బయలుదేరాడు. ఏం జరుగుతోందో తెలియక పెద్దసారు నావైపు చూశారు. నేను చెప్పడానికి వీల్లేనంతగా నవ్వుతున్నాను. చెప్పాక ఆయనకీ నవ్వాగలేదు. కుర్చీ కిర్రుకిర్రుమంది.

ఆట రోజు వచ్చింది. మధ్యాహ్నం నమాజు అయిపోగానే జనం రావడం మొదలైంది. కల్బా ఊరి నుంచి దుకాణాల వాళ్ళు పికప్పుల వెనక నిలబడి వచ్చారు. టాక్సీ నడిపే పఠాన్లు బండ్ల మీదికెక్కి కూర్చున్నారు. మా క్యాంపులన్నీ ఖాళీ. తాడు లోపల కుర్చీల్లో దొరసానులు. పెద్దసారు కుర్చీ మాత్రం తాడు బయట, మా వైపే వేయించుకున్నారు. మేడమ్ నాకు నిమ్మరసం కూజా ఇచ్చి లోపల అందరికీ పోయమన్నారు. తాడు కింద దూరి లోపలికి, పోసి మళ్ళీ దూరి బయటికి. నడుం పట్టేసింది కానీ ఆ రోజు నాకు నడుమెక్కడ గుర్తుంది!

మొదట్లో ఆఫీసు జట్టు మా మనిషి విసిరిన బంతిని ముట్టుకోలేకపోయింది. అందరూ భుజం మీద నుంచి విసిరితే, ఇతను నేల దగ్గర నుంచి విసురుతాడు. బంతి కింద నుంచి పైకి లేచి వస్తుంటే వాళ్ళు గాలిని కొడుతున్నారు. మా వాళ్ళ ఈలలకి కొండలు మారుమోగాయి. కాసేపటికి బడా ముదీర్ కిటుకు పట్టేశాడు. ఒక్క దెబ్బతో వాళ్ళు ముందుకెళ్ళిపోయారు. మేం వెనకబడ్డాం. మళ్ళీ చిర్రగోనె కొలతల మనిషే, ఈసారి కొలవకుండా బ్యాటు పారేసి పరిగెత్తి, ఇద్దరిని ఇంటికి చేర్చాడు. సమానమయ్యాం! నేను నిమ్మరసం ఎవరి గ్లాసులో పోస్తున్నానో చూసుకోక ఒకావిడ ఒళ్ళో పోశాను. ఆవిడ కూడా పట్టించుకోలేదు, నిలబడి చూస్తోంది.

కొండ నీడ గ్రౌండు అవతలి తాడుని తాకబోతోంది. చివరి వంతు ఆఫీసు జట్టుది. ఇద్దరు అవుటయ్యారు. ఇంకొకణ్ణి ఆపితే చాలు, ఓడకుండా నిలబడ్డట్టే, తాడు పోయినట్టే. ఇంటికి ఎదురుగా దూరంగా ఉన్న మూలలో పరుగుకి సిద్ధంగా ఉన్నది ఎవరో కాదు, మా సారు. పెద్దసారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వంగి కూర్చున్నారు. కొడుకు ఇల్లు చేరకూడదని ఆ తండ్రి కోరుకుంటున్నాడు, అది ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది.

బడా ముదీర్ కొట్టాడు. బంతి తాడు దగ్గర పడింది. సారు కదిలారు. ఆయన అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తాడు దగ్గర మా మనిషి బంతిని అందుకున్న ఊపులోనే విసిరాడు. మేస్త్రి అందుకున్నాడు, చేతిలో ఆగనివ్వలేదు, తిరుగుతూనే ఇంటికి పంపాడు. బంతి నేల తాకకుండా వచ్చి పేర్చే అన్న చేతుల్లో పడింది. సారు ఇంకా దూరంలోనే ఉన్నారు. అయిపోయింది, గెలిచేశాం, తాడు పోయింది! పెద్దసారు కుర్చీ మీదికి ఎక్కేశారు, నేను కూజా వదిలేశాను.

పేర్చే అన్న బంతిని అందుకున్నాడు. తల తిప్పకుండా, జాగ్రత్తగా, తన పక్కన నేల మీద పెట్టాడు. మళ్ళీ ఖాళీ చేతులు ముందుకు చాపాడు.

"అంటించు! అంటించవయ్యా!" అని నేను అరుస్తూనే ఉన్నాను. సారు దుమ్ములో జారుకుంటూ వచ్చి ఇంటి మూలని తాకేశారు. ఆట ఖలాస్.

పేర్చే అన్న తన చేతులు చూసుకున్నాడు, పక్కన కుదురుగా కూర్చున్న బంతిని చూశాడు. అప్పటికి అర్థమైంది అతనికి. నాకు కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. అప్పుడు మేస్త్రి నడిమధ్యలో కూలబడి పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "పేర్చినవా తమ్మీ! పేర్చినవా!" అంటూ నేల కొట్టుకుంటున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అందుకున్నారు. చివరికి పేర్చే అన్న కూడా మొహం చేతుల్లో దాచుకుని నవ్వాడు. ఆ చేతులు తీశాక చూస్తే చెంపలు తడిసి ఉన్నాయి.

బడా ముదీర్ వచ్చి అందరితో చేతులు కలిపాడు. తర్వాత నన్ను పిలిచి పేర్చే అన్నని చూపించాడు. "ఇలాంటి చేతులు నేనెక్కడా చూడలేదు. వచ్చే శుక్రవారం నుంచి అతను మా జట్టులో ఆడతాడు. లోపలికి రావచ్చని చెప్పు."

"మిగతావాళ్ళు సార్?"

"పందెం పందెమే. అతను మాత్రం రావచ్చు," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, అదే నాకు ఇంకా మంటగా ఉంది.

నేను చెప్పాను. పేర్చే అన్న మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నవ్వు ఆపి లేచాడు. "పోయి ఆడు తమ్మీ. మంచి మోక దొరికింది. మా మొకం జూడకు, పో," అన్నాడు.

"నన్నొక్కన్నేనా అక్కా?" అని అడిగాడు పేర్చే అన్న. అతను నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఒక్కరినే."

అతను ఆలోచించనైనా లేదు. "కింద ఇసిరెటోడు లేకుంటె నా చేతులల్లకు ఏమొస్తది? గాలొస్తది. రానని జెప్పు," అన్నాడు.

నేను ఆ మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టాను. అంత శ్రద్ధగా నేను ఇంకెవరి మాటా తర్జుమా చేయలేదు. బడా ముదీర్ మెడ ఎర్రబడింది. సారు ఇంకా ఇంటి మూల దగ్గరే నిలబడి ప్యాంటు దుమ్ము దులుపుకుంటున్నారు. దులుపుతున్న చెయ్యి ఆగింది. ఆయన తన గ్లౌజు తీసుకుని, నెమ్మదిగా నడిచి వచ్చి, ఓడల తాడు కింద నుంచి వంగి మావైపు దూరారు. దూరడం అలవాటు లేక వీపు తగిలించుకున్నారు. వచ్చీరాని హిందీలో మేస్త్రిని, మీ జట్టులో ఇంకొకడికి చోటుందా అని అడిగారు.

మేస్త్రి ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఇటుకలు మోయొస్తదా అని అడుగు చెల్లె," అన్నాడు.

తాడు పోలేదు. పందెం ప్రకారం అది అక్కడే ఉంది. ఆ పై శుక్రవారానికి మనవాళ్ళు తాడు బయట, ఒడ్డున, చేతనైనంత మేర రాళ్ళు ఏరేసి అక్కడే ఆట పెట్టారు. మిగిలిన రాళ్ళకి తగిలి బంతి ఎటు పడితే అటు ఎగిరిపోతోంది, అదొక కొత్త వినోదం. సారు రెండు మోకాళ్ళూ పగలగొట్టుకున్నారు. లోపల ఆఫీసువాళ్ళు ఆడుతూనే ఉన్నారు. ముందు మా మేడమ్ లేచి, మడతకుర్చీ ఎత్తి మావైపుకి తిప్పుకుని కూర్చున్నారు. నేను నిమ్మరసం పోసినావిడ తిప్పుకుంది. చూస్తుండగానే వరస వరసంతా తిరిగింది.

పెద్దసారు మరి రెండు మూడు రోజుల్లో ఊరికి వెళ్ళిపోతారు. నా పక్కన కూర్చుని, ఆట మీంచి కళ్ళు తిప్పకుండా అన్నారు.

"మిస్, ఆ కాలంలో నన్ను ఎవరైనా అలా ఒక్కణ్ణే పిలిచి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలుసా?"

"ఏం చేసేవారు సార్?"

"పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి. బస్సులో నా వెనక ఎవరున్నారో తిరిగి చూసేవాణ్ణి కాదు. నా జీవితమంతా ఆ పిలుపు కోసమే చూశాను. రానని చెప్పవచ్చని నాకు తట్టనే లేదు." ఆయన చేతికర్ర ఎత్తి, ఆడుతున్న పేర్చే అన్నని చూపించారు. "మొన్న అతను ఒక్క క్షణం కూడా ఆగలేదు, చూశారా?"

మాట మార్చడానికి, "ఇప్పుడొచ్చి పిలిస్తే సార్?" అన్నాను, తాడు లోపల బడా ముదీర్‌ని చూపిస్తూ.

ఆయన జవాబు చెప్పేలోపు బంతి గాల్లోకి లేచింది. సారు, మేస్త్రి ఒకేసారి దానికోసం పరిగెత్తారు. పెద్దసారు కర్ర పారేసి లేచి నిలబడ్డారు.

"ఇప్పుడు నాకు తీరిక లేదు మిస్," అన్నారు.